పెద్ద టెక్ కంపెనీలను అనంతపురం జనం నమ్ముతున్నారా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ఇంజనీరింగ్ ప్రాజెక్టు కోసం అనంతపురంలో, చుట్టుపక్కల మండలాల్లో సర్వే చేస్తున్నారు. గూగుల్, మెటా లాంటి కంపెనీల గురించి, ఏఐ గురించి అడిగితే దాదాపు అందరూ 'బాగుంది' అనేస్తున్నారు. ఇంట్లో మీ నాన్నగారు మాత్రం 'ఫోను మన మాటలు వింటాది' అంటూనే పొద్దస్తమానం ఆ ఫోనుతోనే ఉంటారు. ఇంతకీ మన జనం వీటిని నమ్ముతున్నట్టా, నమ్మనట్టా?

సూటిగా చెబుతా. నమ్మడం లేదు. నమ్మకం లేకపోయినా వాడతారు. కంపెనీ మంచిదా చెడ్డదా అని ఇక్కడ ఎవరూ లెక్క వేయరు. తేడా వస్తే పోయి అడగడానికి ఒక మనిషి ఉన్నాడా, లేడా? అదొక్కటే చూస్తారు. మనిషి ఉంటే ఆ యాప్ మంచిది. లేకపోతే 'అదంతా మోసమప్పా'. మీకు వస్తున్న 'బాగుంది' మాత్రం కాలేజీ పిల్లోడు కాగితం పట్టుకొని వచ్చాడని మర్యాదకు చెప్పిన జవాబు.

నేను ఎస్‌టీడీ బూత్ కాలం నుంచి ఈ వ్యాపారంలోనే ఉన్నాను. బూత్ పోయాక నెట్ సెంటర్, తర్వాత ఫోన్ల అమ్మకం, రిపేరు. అప్పుడప్పుడు డ్వాక్రా సంఘాల ఆడవాళ్లకు ఫోన్ వాడకం గురించి చెప్పడానికి పిలిస్తే వెళ్తుంటాను. సంతోషంగా ఉన్నవాడు రిపేరు షాపుకు రాడు, ఇబ్బంది పడ్డవాడే వస్తాడు. కాబట్టి నా మాటల్లో ఆ మేరకు తరుగు తీసేసుకోండి.

మీ ప్రశ్నాపత్రంలో మొదటి చిక్కు కంపెనీ పేర్లతోనే ఉంది. 'మెటా మీద మీ అభిప్రాయం?' అని ధర్మవరం మగ్గం నేసే ఆయన్ని అడిగితే ఏం చెబుతాడు? ఆయన రోజూ చీరల ఫొటోలు పంపే వాట్సాప్, కూతురు చూసే ఇన్‌స్టాగ్రామ్, బావమరిది తిట్లు పెట్టే ఫేస్‌బుక్, మూడూ ఒకే కంపెనీవని ఆయనకు ఎవరూ చెప్పలేదు. యూట్యూబ్, ఆండ్రాయిడ్, మ్యాప్స్ గూగుల్‌వని తెలిసినవాళ్లు కూడా తక్కువే. ఫోన్‌పేలో ఎక్కువ వాటా అమెరికా వాల్‌మార్ట్‌దని చెబితే 'అవునా, మన మోదీ పెట్టినాడు కదా' అన్న పెద్దాయన ఉన్నాడు. ఆయన మాటలో సగం నిజం లేకపోలేదు. యూపీఐ అనే దారి 2016లో నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ వేసింది. దాని మీద నడిచే బండ్లు మాత్రం ప్రైవేటువి. అందులోనూ ఫోన్‌పే, గూగుల్ పే రెండింటి మీదే దేశంలోని యూపీఐ లావాదేవీల్లో ఐదింట నాలుగు వంతుల పైన నడుస్తున్నాయి. ఒక్కో యాప్ వాటా 30 శాతం దాటకూడదన్న నిబంధన ఉంది కానీ, గడువు పొడిగిస్తూ పొడిగిస్తూ 2026 డిసెంబరు దాకా తెచ్చారు. అందుకే కంపెనీ పేరుతో కాకుండా యాప్ పేరుతో అడగండి. జవాబులు అప్పుడు కాస్త దారిలో పడతాయి.

ఇక ఫోన్ మన మాటలు వింటుందా అన్నది. నా కౌంటర్ దగ్గర ఇంతకంటే ఎక్కువగా వినే ప్రశ్న లేదు. ఒక రైతు వచ్చి, 'పొలంలో నిలబడి డ్రిప్ పైపుల గురించి మాట్లాడుకున్నాం, ఇంటికొచ్చి చూస్తే డ్రిప్ పైపుల యాడ్ వచ్చినాది. ఇనకుండా ఎట్ల వస్తాది?' అని నిలదీశాడు. ఆయన ఫోన్ తీసి చూపించాను. ముందు వారమే డ్రిప్ సబ్సిడీ గురించి యూట్యూబ్‌లో వీడియోలు చూశాడు. లోకేషన్ ఆన్‌లోనే ఉంది, టౌన్‌లో డ్రిప్ షాపుకు వెళ్లొచ్చాడు. కొడుకు అదే ఇంట్లో, అదే వైఫై మీద ధరలు వెతికాడు. ఇన్ని ఆనవాళ్లు చేతిలో ఉన్న కంపెనీకి మాటలు వినే అవసరమే లేదు. 2018లో అమెరికాలోని నార్త్‌ఈస్టర్న్ యూనివర్సిటీ పరిశోధకులు 17 వేలకు పైగా ఆండ్రాయిడ్ యాప్‌లను పరీక్షిస్తే, మైకు రహస్యంగా ఆన్ చేసి మాటలు పంపుతున్న యాప్ ఒక్కటీ దొరకలేదు. కొన్ని యాప్‌లు మాత్రం స్క్రీన్ మీద మనం చేస్తున్నదంతా రికార్డు చేసి బయటకు పంపుతూ దొరికాయి. జనం అనుమానించింది మైకుని, దొరికిపోయింది స్క్రీను.

అలాగని జనం అనుమానం ఉత్తదే అని కొట్టిపారేయలేం. 2019లో బయటపడింది చూడండి. సిరి, అలెక్సా, గూగుల్ అసిస్టెంట్ రికార్డు చేసిన మాటల్లో కొన్నింటిని కంపెనీల తరఫున మనుషులే కూర్చొని విన్నారు. సిరి తనంతట తాను ఆన్ అయి మాటలు రికార్డు చేసిందన్న కేసులో యాపిల్ 2025 జనవరిలో 9.5 కోట్ల డాలర్లు కట్టి రాజీ పడడానికి ఒప్పుకుంది, తప్పు చేశానని మాత్రం ఒప్పుకోలేదు. కాబట్టి మీ నాన్నగారిని వెర్రివాడిలా చూడకండి. ఆండ్రాయిడ్ 12, ఆపై ఫోన్లలో మైకు గానీ కెమెరా గానీ పనిచేస్తున్నప్పుడు పైన కుడి మూల పచ్చ గుర్తు వెలుగుతుంది. సెట్టింగ్స్‌లో ప్రైవసీలోకి వెళ్లి, పర్మిషన్ మేనేజర్‌లో మైకు ఎవరెవరికి ఇచ్చామో చూపించండి. టార్చిలైట్ యాప్‌కు మైకు ఎందుకని వాళ్లే అడుగుతారు. నేను చూసినంతలో, ఈ పచ్చ గుర్తు తెలిసినవాళ్ల భయం సగానికి సగం తగ్గుతుంది. కోపం మాత్రం పెరుగుతుంది. అది మంచిదే.

డబ్బు దగ్గరికి వస్తే జనం మాట మారిపోతుంది. టీ బంకు నుంచి శెనక్కాయల మండీ దాకా అందరి దగ్గరా స్కానర్ ఉంది. 'ఫోన్‌పే కొట్టినా, చూసుకో' అన్నది మామూలు మాటైపోయింది. స్కానర్ పక్కన, డబ్బు పడగానే చెప్పే ఆ మాట్లాడే డబ్బా లేకపోతే చాలామంది దుకాణదారులు ఇప్పటికీ నమ్మరు. కొనేవాడి స్క్రీన్ మీద పచ్చ టిక్కు చూసి సరుకిచ్చి మోసపోయినవాళ్లు ఉన్నారు మరి. 2025 మార్చి 26న, మళ్లీ ఏప్రిల్ 12న దేశమంతా యూపీఐ ఆగిపోయింది కదా. ఆ రోజు నా షాపులో జనం తిట్టింది యాప్‌ను కాదు, బ్యాంకును కాదు, నన్ను. నేను కంటికి కనబడే మనిషిని కాబట్టి.

ఆ తిట్టడంలోనే మీ సర్వేకు కావాల్సిన విషయం ఉంది. తప్పు నంబరుకు డబ్బు పోతే వాళ్లు కస్టమర్ కేర్ నంబరు కోసం నెట్‌లో వెతుకుతారు. అక్కడ పైన కనిపించే నంబరు చాలాసార్లు దొంగలది. ఆ దొంగ ఎంతో ఓపికగా తెలుగులో మాట్లాడతాడు. అసలు కంపెనీలో మనిషి దొరకడు, 'ఒకటి నొక్కండి, రెండు నొక్కండి'. ఇంతమంది మోసపోవడానికి చదువు లేకపోవడమే కారణమంటే నేను ఒప్పుకోను. లెక్చరర్లు కూడా నా దగ్గరికి వచ్చారు. పలికే మనిషి లేని చోట దొంగ పలుకుతున్నాడు, అంతే. ఇది చదివే వాళ్లెవరికైనా డబ్బు పోయి ఉంటే, ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. డబ్బు ఇంకో ఖాతాలోకి దాటకముందే ఆపే అవకాశం మొదటి గంటల్లోనే ఎక్కువ.

లోన్ యాప్‌ల సంగతి ఇంకా చేదు. పెళ్లికో, ఎరువులకో చిన్న మొత్తం తీసుకుంటే, ఫోన్‌లోని కాంటాక్టులన్నీ లాగి చుట్టాలకు బూతు మెసేజ్‌లు. రిజర్వ్ బ్యాంకు 2022 సెప్టెంబరులో నిబంధనలు పెట్టింది. అప్పిచ్చే యాప్ కాంటాక్టులు, కాల్ లాగ్, ఫైళ్లు ముట్టుకోకూడదు. అది పాటించే యాప్‌లకు సరే. దొంగ యాప్‌లకు నిబంధన ఏం లెక్క? దెబ్బ తిన్న ఇంట్లో మీరు 'ప్లే స్టోర్ నడిపే కంపెనీ మీద మీ అభిప్రాయం' అని అడగండి. ఆ ప్రశ్నకు మొదటిసారి నిజమైన జవాబు వస్తుంది. 'స్టోర్‌లో పెట్టినోడికి బాధ్యత లేదా?' అంటారు. దేశంలో పెద్ద పెద్ద లాయర్లు వాదిస్తున్నది కూడా అదే ప్రశ్న.

దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ కేంద్ర టెలికాం శాఖ వారి సంచార్ సాథీ. ఫోన్ పోతే అందులో దాని ఐఎంఈఐ, అంటే ఫోన్ గుర్తింపు నంబరు, బ్లాక్ చేయిస్తాం, దొరికితే పోలీసులు పిలిచి చేతికిస్తారు. వస్తువు తిరిగి వచ్చింది కాబట్టి మన దగ్గర దాని మీద మంచి మాటే ఉంది. 2025 నవంబరు చివర్లో కేంద్రం ఆ యాప్‌ను ప్రతి కొత్త ఫోన్‌లో ముందే వేసి ఇవ్వాలని కంపెనీలకు చెప్పింది, గొడవ కావడంతో రోజుల్లోనే వెనక్కి తీసుకుంది. ఢిల్లీ టీవీల్లో నిఘా అని చర్చ నడిచింది. మా షాపులో అడిగింది వేరే: 'అది ఉంటే ఫోన్ తొందరగా దొరుకుతాదా?' నిఘా గురించి పట్టింపు లేదని కాదు, పోయిన ఫోన్ అంతకంటే పెద్ద పట్టింపు. నా వరకు ఆ ఆదేశం వెనక్కి పోవడమే సరి. వేసుకోవాలా వద్దా అన్నది కొన్నవాడి ఇష్టానికి వదిలేయాలి.

వాట్సాప్‌లోనే ప్రభుత్వ సేవలిచ్చే మన మిత్ర గురించి తప్పక అడగండి. రాష్ట్ర ప్రభుత్వం 2024 అక్టోబరులో మెటాతో ఒప్పందం చేసుకొని, 2025 జనవరి 30న 161 సేవలతో వాట్సాప్ పాలన మొదలుపెట్టింది. ఇంటర్ హాల్ టికెట్లు దాంట్లో వచ్చినప్పుడు పిల్లలు ఎగిరి గంతేశారు. పెద్దవాళ్లు మాత్రం వాట్సాప్‌లో సర్టిఫికెట్ వచ్చాక కూడా ఊళ్లోని సచివాలయానికి పోయి 'ఇది చెల్లుతుందా సార్' అని అడిగి వస్తారు. చాదస్తం అనుకోకండి, పూచీ అక్కడ దొరుకుతుంది. ఒప్పందం జరిగిన మరుసటి నెలే, అంటే 2024 నవంబరులో, కంపెనీల మధ్య పోటీ సరిగ్గా ఉందా అని చూసే కాంపిటీషన్ కమిషన్ ఇదే మెటాకు 213.14 కోట్ల జరిమానా వేసింది. 2021లో వాట్సాప్ ప్రైవసీ పాలసీని 'ఒప్పుకో, లేదంటే వాడకు' అన్నట్టు జనం మీద రుద్దినందుకు. ఈ రెండు సంగతులూ కలిపి చెబితే మా ఊరి వాళ్లు ఏమన్నారో తెలుసా? 'ప్రభుత్వమే దాంట్లో ఉంటే ఇంక మనం ఎట్ల బయటికి వస్తాం?' ఒక ఆర్టీసీ కండక్టర్ అన్న మాట. అంతకంటే బాగా నేను చెప్పలేను.

ఆడపిల్లల అభిప్రాయం వేరుగా తీసుకోండి. వాళ్ల భయం కంపెనీ కాదు, ఫొటో. 2023 నవంబరులో నటి రష్మిక మందన్న ముఖం అతికించిన డీప్‌ఫేక్ వీడియో వచ్చాక డీపీలు తీసేసి పువ్వుల బొమ్మలు పెట్టుకున్న అమ్మాయిలు నాకు తెలుసు. ఆ వీడియో కేసులో 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు పట్టుకున్నది గుంటూరు వైపు కుర్రాణ్ని. అంటే చేసేవాడు మన మధ్యవాడే. దానికి మన ఇళ్లలో కనిపెట్టిన విరుగుడు అమ్మాయి చేతిలోంచి ఫోన్ లాక్కోవడం. ఇది నాకు అస్సలు నచ్చదు. తప్పు చేసినవాడి ఫోన్ ఎవరూ లాక్కోరు.

ఏఐ మీద మన జిల్లా అభిప్రాయం బెంగళూరు నుంచి వస్తుంది. హైవే ఎక్కితే నాలుగు గంటలు. ప్రతి వీధిలో ఒకరి కొడుకో కూతురో అక్కడ సాఫ్ట్‌వేర్‌లో ఉన్నారు. 2025 జూలైలో టీసీఎస్ రెండు శాతం మందిని, అంటే 12 వేలకు పైగా, తీసేస్తానని చెప్పినప్పుడు రీఛార్జికి వచ్చిన తల్లిదండ్రుల మొహాల్లో టెన్షన్ చూశాను. ఏఐ వల్ల కాదు, నైపుణ్యాలు సరిపోక అని కంపెనీ చెప్పింది. ఇక్కడ ఆ మాట ఎవరూ నమ్మలేదు. పొలం అమ్మి చదివించిన ఇంటికి ఏఐ అంటే కొడుకు ఈఎంఐ. ఆ కొడుకు తమ్ముడేమో ఇంటర్ లెక్కలు చాట్‌జీపీటీతోనే చేస్తుంటాడు. ఒకే ఇంట్లో రెండు అభిప్రాయాలు. మీ ఫారంలో ఇంటికి ఒక్క గడే ఉందనుకుంటాను, మార్చండి.

ఏఐ యాప్‌లు ఉచితంగా ఇవ్వడం గురించి కూడా ఒక మాట. 2025లో ఎయిర్‌టెల్ వాళ్లకు పర్‌ప్లెక్సిటీ ప్రో ఏడాది ఉచితం, జియో వాళ్లకు జెమిని ప్రో పద్దెనిమిది నెలలు ఉచితం, నవంబరు నుంచి చాట్‌జీపీటీ గో ఏడాది ఉచితం. కుర్రాళ్లకు పండగ. పెద్దవాళ్లకు 2016 సెప్టెంబరు గుర్తొచ్చింది, జియో ఉచితంగా వచ్చిన రోజులు. ముందు ఉచితం, అలవాటయ్యాక ధర. ఆ లెక్క వాళ్లకు బాగా తెలుసు, తెలిసే తీసుకుంటున్నారు. ఆ 2016 ఫిబ్రవరిలోనే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఫేస్‌బుక్ వారి ఫ్రీ బేసిక్స్‌ను ఆపింది. మేము ఎంచిన సైట్లే ఉచితం అన్న పద్ధతి కుదరదని చెప్పింది. అప్పట్లో నాకు కూడా ఉచితమే కదా, ఏం పోయింది అనిపించేది. ఆపకపోయి ఉంటే ఈ రోజు చాలామంది ఇంటర్నెట్ అంటే ఆ నాలుగు సైట్లే అనుకునేవాళ్లు. ఏఐ విషయంలో అలా అడ్డుపడేవాళ్లు ఇంకా గట్టిగా కనబడటం లేదు.

విశాఖలో గూగుల్ ఏఐ హబ్, అంటే పెద్ద డేటా సెంటర్, గురించి అడిగితే వచ్చే జవాబు రాయలసీమవాళ్లకు చెప్పనక్కర్లేదు. 2025 అక్టోబరు 14న ప్రకటించారు, ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడి. 'అన్నీ ఆ పక్కకే పోతాయి' అన్నది మొదటి మాట. అది రాజకీయం, మీ ప్రాజెక్టులో రాసుకోవచ్చు, వదిలేయొచ్చు. నన్ను ఆపింది రెండో మాట. కళ్యాణదుర్గం పక్క రైతు ఒకాయన అడిగాడు: 'అన్ని కంప్యూటర్లు ఒకే చోట పెడితే వేడెక్కవా? చల్లార్చను నీళ్లు యాడనుంచి?' డేటా సెంటర్ల గురించి ప్రపంచమంతా అడుగుతున్న ప్రశ్నే అది. ఏడాదికి అయిదారు వందల మిల్లీమీటర్ల వానతో బతికే జిల్లాలో, ఎండిన బోర్లు చూసినవాడు ఎవరి దగ్గరా నేర్చుకోకుండానే అడిగాడు. కరెంటు సంగతి కూడా అంతే. కర్నూలు జిల్లా ఓర్వకల్లు దగ్గర 1,000 మెగావాట్ల సోలార్ పార్కు 2017 నుంచి నడుస్తోంది. ఎండ మనది, భూమి మనది, మరి మనకేం వస్తుంది అని అడిగేవాళ్లు ఉన్నారు. టెక్నాలజీ మీద అభిప్రాయం లేదని మీరు రాసుకున్నవాళ్లలో ఇలాంటివాళ్లు ఎందరున్నారో ఒకసారి చూసుకోండి.

చట్టం సంగతి క్లుప్తంగా. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీలు 2017 ఆగస్టు 24న చెప్పారు. ఆ కేసు వేసిన జస్టిస్ పుట్టస్వామి పక్కనే ఉన్న కర్ణాటక హైకోర్టులో జడ్జిగా పనిచేసినాయన. డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, నియమాలు 2025 నవంబరులో. కంపెనీలు పాటించాల్సిన ముఖ్యమైన బాధ్యతలకు ఇంకా పద్దెనిమిది నెలల గడువిచ్చారు. జరిమానా 250 కోట్ల దాకా ఉంది. నా కౌంటర్ దగ్గర ఈ చట్టం పేరెత్తినవాళ్లు మాత్రం లేరు. ఫిర్యాదు ఎక్కడ చేయాలో సచివాలయం గోడ మీద రాసి పెట్టే రోజు వస్తే అప్పుడు అభిప్రాయాలు మారతాయి, ఇప్పుడు కాదు.

సర్వే విషయంలో నేనైతే ఇలా చేస్తాను. 'నమ్ముతారా', 'సంతృప్తిగా ఉన్నారా' అన్న ప్రశ్నలు తీసేస్తాను. 'ఈ మధ్య ఫోన్‌లో ఏ విషయానికి భయపడ్డారు? అప్పుడు ఎవరి దగ్గరికి పోయారు?' అని అడుగుతాను. రెండో ప్రశ్నకు వచ్చే జవాబులు రాసుకుంటూ పోండి. కొడుకు, షాపువాడు, సచివాలయం, పోలీసు, 'ఎవరూ లేరు'. ఈ చివరిది ఎన్నిసార్లు వస్తే అదే మీ ప్రాజెక్టు. ఆడవాళ్లను మగవాళ్ల ముందు అడగొద్దు, అత్తల ముందు అసలే వద్దు. పిల్లలు పక్కన ఉంటే పెద్దవాళ్లు తెలియనిది తెలిసినట్టు చెబుతారు. గూగుల్ ఫారం లింకు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టి జవాబులు పోగు చేస్తే, ఆ రెండు కంపెనీలతో ఇబ్బంది లేనివాళ్లే మీకు దొరుకుతారు, కాబట్టి కాగితం మీదే రాసుకోండి. శెనక్కాయలు ఒలిచే చోట, మగ్గాల దగ్గర, బస్టాండులో కూర్చోండి. రేషన్ షాపు క్యూ మాత్రం వద్దు, అక్కడ మిమ్మల్ని ప్రభుత్వం మనిషి అనుకొని అన్నీ 'బాగుంది' అనేస్తారు. పేర్లు, ఫోన్ నంబర్లు అడగొద్దు. ఊరు, వయసు, చేసే పని చాలు. ఓటీపీ, ఆధార్ అన్న మాటలు పొరపాటున కూడా రానీయకండి, కూర్చున్నవాళ్లు అక్కడికక్కడే లేచి వెళ్లిపోతారు.